మామ మొక్కని మొక్కు

ఆ రోజుల్లో ఎన్నికలంటే మా సిద్దిపేటలో గోడల మీద రంగు రాతలు, రిక్షాలో మైకు, చాయ్ హోటల్లో గొంతు బొంగురుపోయేదాకా వాదన. అంతే. అభ్యర్థి ఏ గుడికి పోయాడో, ఎన్ని మెట్లు ఎక్కాడో ఫొటో తీసి ఊరంతా పంచే సదుపాయం ఇంకా రాలేదు. ఇప్పుడు పొద్దున్నే పేపరు తెరిస్తే చాలు, ఒకాయన తల మీద శఠగోపం, ఇంకొకాయన నెత్తి మీద దర్గాకు కప్పే చాదర్, మూడో ఆయనకైతే పొద్దున అది, సాయంత్రం ఇది! నాకు ఒళ్ళు మండిపోతుంది. "ఓటు నీకు వేయమంటున్నావా, నీ దేవుడికి వేయమంటున్నావా?" అని పేపరునే నిలదీస్తాను. (మా మనవరాలు "తాతా, పేపరుకు చెవులుండయి" అంటుంది.) ఏడో తరగతితో బడి మానేసి, మిగతా చదువంతా గ్రంథాలయం బల్ల మీద మోచేతులు అరగదీసుకుని చదివినవాణ్ణి. ఈ విషయం మీద గంటసేపు మాట్లాడగలను. వినేవాళ్ళు లేచి వెళ్ళిపోయాక కూడా మాట్లాడిన రోజులున్నాయి. అయితే ఇంత కోపం ఉన్నవాడు ఒక నిజం ఒప్పుకోవాలి. మా వార్డులో ఓట్ల కోసం దేవుళ్ళను వీధిలోకి తెచ్చిన ఘనకార్యం మొట్టమొదట చేసింది ఏ నాయకుడూ కాదు. నేనే.

ఎనభైల్లో సంగతి. నాకు ఇరవై రెండేళ్ళు. కమాన్ అవతల మా మేనమామ దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేవాణ్ణి. ఊరంతా ఆయన్ను కత్తెర మామ అనేది. దేవుడు లేడని మామ అభిప్రాయం. అరిచి చెప్పేవాడు కాదు, అడిగితే దాచేవాడూ కాదు. అలాగని దేవుళ్ళతో ఆయనకేమీ తగాదా లేదు. పోచమ్మకు పెట్టే చీరకు అంచు, పీర్ల పండుగకు పీర్లకు కట్టే రంగు గుడ్డలు, రంజాన్‌కు సగం వార్డు లాల్చీలు, దసరాకు మిగతా సగం వార్డు అంగీలు అన్నీ ఆ ఒక్క మిషను మీదే అయ్యేవి. ఇక అసలు వింత ఏమిటంటే, ఆయన దర్జీ అయ్యుండీ తారీఖు నిజం చెప్పేవాడు. "పండుగకు గాదు బిడ్డా, పండుగ పోయినంక మంగళారం" అనేవాడు. మంగళవారం పోతే బట్ట ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఉండేది. దర్జీలతో వ్యవహారం ఉన్న పాఠకులకు ఇది ఎంత అరుదైన గుణమో నేను చెప్పనక్కర లేదు.

మామ మున్సిపాలిటీ ఎన్నికలకు నిలబడింది నీళ్ళ కోసం. మా గల్లీ మొత్తానికి ఒకటే బోరింగు, అది కూడా గల్లీ ఆ చివరన. ఒక ఎండాకాలం మా అవ్వ, అంటే మా అమ్మ, రెండు బిందెలతో వస్తూ నడుం పట్టేసి రోడ్డు మీదే కూలబడిపోయింది. దుకాణంలోంచి చూసిన మామ పరుగెత్తి పోయి బిందె అందుకుని, "అక్కా, నల్లా మన గల్లీల దాక రావాలె. అడిగేటోడు లేక రాలే. నేను అడుగుత" అన్నాడు. అదే ఆయన మేనిఫెస్టో, ముందూ వెనకా ఏమీ లేదు. నాకూ ఆ నల్లా కావాలి. అవ్వ నడుం ఇంకో రెండు ఎండాకాలాలు ఆగదని నాకు తెలుసు.

ఎదుటి అభ్యర్థి పక్క గల్లీలో బట్టల కొట్టు సేటు. నుదుటి మీద గంధం ఎంత దట్టంగా పూసేవాడంటే, మధ్యాహ్నానికి ఎండకు అది పర్రెలు వారేది. అందుకే గంధం సేటు అనేవాళ్ళం. మనిషి చెడ్డవాడు కాడు. శనివారం శనివారం భజన పెట్టించేవాడు, వచ్చినవాళ్ళకు పులిహోర కడుపునిండా పెట్టించేవాడు. కాని ఆయన రిక్షా మైకు మాత్రం రోజూ మూడు పూటలా ఒకటే ప్రశ్న వేసేది: "దేవుణ్ణి నమ్మనోణ్ణి మీరెట్ల నమ్ముతరు?" వినివిని నాకే అనుమానం పట్టుకుంది, నిజమే కదా, ఎట్లా నమ్ముతారు?

మామ దగ్గరికి పోయాను. "మామా, ఒక్కసారి గుడికి పోయొద్దాం. అట్నుంచి అటే దర్గకు. గంట పని."

"దేనికి రా?"

"ఓట్లకు."

"ఓటు కోసం పెట్టిన దండం దేవునికి ముడుతదా, ఓటేసేటోనికి ముడుతదా?"

"ఎవరికి ముడితే ఏంది మామా! పెడితె మన సొమ్మేం బోతది?"

మామ కళ్ళద్దాల మీద నుంచి చూశాడు. "నాకు దేవుని మీద నమ్మకం లేదు గని, నమ్మేటోళ్ళ మీద మర్యాద ఉన్నది. నాటకం ఆడి వాళ్ళను నవ్వులపాలు చెయ్య. కాజాలు కుట్టు."

కాజాలు కుట్టాను. కుడుతూనే ఒక పథకం కూడా కుట్టాను. (అప్పుడప్పుడే రాజనీతి పుస్తకాలు చదువుతున్నాను, అరుగుదల ఇంకా కాలేదు.) ఇంటింటికీ తిరిగి గాజులు తొడిగే చాచి మా వార్డులో వార్తాపత్రిక లాంటిది. ఏ ఇంటి సంగతైనా గాజు మణికట్టు దాటేలోగా ఆమెకు తెలిసిపోయేది. ఆమెను మూలమలుపు దగ్గర ఆపి, గొంతు తగ్గించి, "చాచీ, నీకొక్కదానికే చెప్తున్న. మామ గెలిస్తె దర్గ కాడ కందూరు చేస్తనని మొక్కిండు" అన్నాను. కందూరంటే దర్గా దగ్గర మేకను కోసి పదిమందికీ పెట్టే మొక్కు. మా వైపు దానికి హిందువులని, ముస్లిములని తేడా లేదు, ఎవరికి ఆపద వస్తే వాళ్ళు మొక్కుతారు. అక్కడి నుంచి నేరుగా మా ఎదురింటి పెద్దవ్వ దగ్గరికి పోయి, "నీకొక్కదానికే" అంటూ, మామ కొమురవెల్లి మల్లన్నకు పట్నాలు వేయిస్తానని మొక్కినట్టు చెప్పాను. రంగు పొడులతో దేవుడి ముందు ముగ్గు పరిచి చేసే పూజ అది. పొద్దుగూకే సరికి రెండు మొక్కులూ వార్డంతా తిరిగొచ్చాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత రెండు రోజులు జనం తీరు ఏదో మారింది. నవ్వి పలకరించే ఆడవాళ్ళు మామను చూసి కొంగు సర్దుకుని పోయారు. ఒకామె కుట్టుకు ఇచ్చిన బట్ట వాపసు తీసుకుపోయింది. నేను దాన్ని భక్తి అనుకున్నాను! భక్తి ముదిరితే మనిషి మౌనంగా ఉంటాడని ఎక్కడో చదివాను మరి.

పోలింగుకు రెండు రోజులుందనగా, మధ్యాహ్నం పూట, చాచి గాజుల గంపతో దుకాణం మెట్లెక్కింది. వెనక పెద్దవ్వ. ఆమె వెనక ఖాళీ బిందెలతో నలుగురైదుగురు ఆడవాళ్ళు, వాళ్ళలో మా అవ్వ.

"రా ఆపా, కూసో" అన్నాడు మామ చాచితో.

"కూసోను భయ్యా. ఒక్క మాట అడిగి పోత. నీ కందూరు ఏ జుమేరాత్?" దర్గా మొక్కులు గురువారమే తీరుస్తారు మరి.

"ఎవరి కందూరు?"

"నీదే. మొక్కినవట గద."

పెద్దవ్వ ముందుకొచ్చింది. "గది ఎన్క సంగతి. నా మల్లన్న పట్నాలు ముందుగాల చెప్పు. ఏ ఐతారం?"

మామ కాలు ఆగింది. మిషను చక్రం మాత్రం ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది. ఆయన నా వైపు చూడలేదు. నేను మాత్రం మూల నుంచి, అవునను మామా, ఒక్కసారి తలూపు మామా అని కళ్ళతో, కనుబొమ్మలతో, ఆఖరికి చెవులతో కూడా సైగలు చేస్తున్నాను. తలూపితే చాలు, ఇద్దరు దేవుళ్ళ ఓట్లూ మూట కట్టినట్టే.

మామ మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆపా, పెద్దవ్వా, నేను ఎవ్వరికి మొక్కలే. నాకు నమ్మకం లేదని మీకు ముందే ఎరుక. ఈ మాట ఎవరన్నరో గని, నేను అనలే."

ఎవరన్నారో ఆయనకు తెలుసు. ఒక్కసారి వేలు చూపిస్తే పోయేది. చూపలేదు. నేను లేచాను. ఒళ్ళో ఉన్న గుండీలన్నీ నేల మీద దొర్లిపోయాయి. "నేనే అన్న. ఓట్లు పడతయని అన్న" అన్నాను. అవ్వ నన్ను చూసిన చూపు గురించి ఇప్పటికీ రాయలేను. ఓటమి ఖాయమైంది, నల్లా పోయింది, అవ్వ నడుం నా చేతులారా నేనే విరిచాను అనుకున్నాను.

చాచి గంప దించి కత్తిరింపు బల్ల మీద పెట్టి, స్టూలు మీద చతికిలబడింది. "యా అల్లా! జాన్ బచ్చింది, పానం నిలవడ్డది. రెండు దినాల సంది నాకు బువ్వ సయిస్తలేదు."

"అదేంది చాచీ?" అన్నాను అయోమయంగా.

"అరే బేటా! మీ మామకు దేవుడు లేడని ఇరవై ఏండ్ల సంది అందరికి ఎరుకే. ఇంకో దర్జీ అయితె దేవుని మీద ఒట్టేసి రేపు అంటడు, నెల తిప్పుతడు. నా బిడ్డ షాదీ బట్టలకు ఈయన, 'బుధారం గాదు ఆపా, జుమాకు ఇస్త' అన్నడు. జుమాకు ఇచ్చిండు. దేవుడు లేడని మా మొఖం మీద చెప్పినోడు నల్లా వస్తదంటె వస్తదనుకున్నం. గసుంటోడు ఓట్లకు భయపడి మొక్కులు మొక్కిండంటె, నల్లా మాట గూడ గట్లనే చెప్పిండేమో అని మాకు గుబులు!"

పెద్దవ్వ గొణిగింది. "నన్ను మల్లన్న జూసుకుంటడు. నాకు నీళ్ళు జూసుకునేటోడు కావాలె. పైపులెయ్యమని మల్లన్నను అడుగుతనా?"

"మరి సేటు?" అంది బిందెలామె ఒకతె.

"సేటు మంచోడే. ఆయన పూజ ఆయనకు. గని ఆయన ఇంట్ల బావి ఉన్నది" అంది పెద్దవ్వే.

అందరూ నవ్వారు, మామ కూడా. నేనూ తేలిక పడి నవ్వబోయాను. అంతలో పెద్దవ్వ నా వైపు తిరిగింది. "నవ్వకు. మొక్కు మొక్కే. నోట్లకెల్లి ఎల్లింది." మా అవ్వ తీర్పు చెప్పేసింది: "ఎల్లిన నోరే తీరుస్తది." చాచి గంప ఎత్తుకుంటూ, "గెలిస్తె అన్నవ్ గద బేటా? గెలుస్తడు. మేకను జూసుకో" అంది.

మామ గెలిచాడు, చేతివేళ్ళూ కాలివేళ్ళూ కలిపి లెక్కపెట్టగలిగినన్ని ఓట్ల తేడాతో. గెలుపు వార్త విని ఊరేగింపులో ఎగరాల్సిన నేను సైకిలును సంతకు తోసుకుపోయాను. సైకిలు పోయి మేక వచ్చింది. మల్లన్న పట్నాలకు పిలవకుండానే గంధం సేటు వచ్చాడు, కొత్త గంధంతో. మామ పక్కనే బంతిలో కూర్చుని, "గెలిచింది నువ్వు, మొక్కు తీరుస్తున్నది మీ అల్లుడు, తింటున్నది నేను. మంచిగనే ఉన్నది" అన్నాడు. దర్గా కందూరులో మామ రెండోసారి వడ్డించుకుంటుంటే నేను ఉక్రోషం పట్టలేక, "నమ్మకం లేదంటివి గద మామా?" అన్నాను. "దేవుని మీద లేదన్న. కందూరు మీద లేదన్ననా? ఇంకో ముక్క ఎయ్యి" అన్నాడు.

నల్లాకు రెండు ఎండాకాలాలు పడుతుందని మామ గెలిచిన రోజే చెప్పాడు. కొందరు మూతి ముడుచుకున్నారు. రెండో ఎండాకాలం పోయిందో లేదో మా గల్లీలో నల్లా నీళ్ళు దూకాయి. అవ్వ కింద బిందె పెట్టి, ఆ ధారను చూస్తూ నిలబడింది. మామ వెనక నుంచి, "అక్కా, చెప్పిన తారీఖుకు నాలుగు రోజులు లేటైంది. ఏమనుకోకు" అన్నాడు.

అవ్వ లేదు, మామ లేడు. దర్జీ దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నేను ఏటా ఒక గురువారం దర్గాకు చక్కెర పొట్లం పట్టుకుపోతాను. ఎందుకంటే, ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ రోజు సంతలో బేరం కుదరక కాస్త చిన్న మేకను తెచ్చాను. మామ నమ్మని దేవుడు అది గమనించాడో లేదో తెలియదు. గమనించి ఉంటే చక్కెరతో సర్దుకుంటాడని నా ఆశ.

మొన్న అలా పొట్లం జేబులో పెట్టుకుంటుంటే మనవరాలు చూసింది. "తాతా, పేపరోళ్ళ మీద గంత కోపానికి వస్తవు గద. నిజం చెప్పు, నువ్వు దేవుణ్ణి నమ్ముతవా?"

"అది నాకూ ఆయనకూ నడుమ సంగతి. ఓట్లప్పుడు ఎవ్వలూ అడుగొద్దు" అన్నాను, డెబ్బై ఏళ్ళకు చేరువైన నా గొంతులో అచ్చం మామ గొంతు విని నాలో నేనే నవ్వుకుంటూ. "నువ్వు పోయి ముందు ఆ నల్లా కట్టెయ్యి. నీళ్ళు పోతున్నయి."