వరసలో ఆఖరున సుబ్బరత్నం

సుబ్బరత్నం నోట్లో నువ్వుగింజ నానదని మా క్వార్టర్సులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. లేడీస్ హాస్టల్ మెస్సులో వంట ఆమెదే. పోపు వేస్తూ మాట్లాడేది, బియ్యం ఏరుతూ మాట్లాడేది, ఎదురుగా ఎవరూ లేకపోతే పొయ్యిని తిడుతూ మాట్లాడేది. అలాంటి మనిషి ఆదివారం పొద్దున్నే అడవిలో నోరు కట్టేసుకుని నడుస్తుందంటే, చెప్పొద్దూ, నేను ముందు నమ్మలేదు.

మా యూనివర్సిటీ పీజీ సెంటర్‌ని పాల్వంచకు అవతల అడవి కొట్టి కట్టారు. ఒక పక్క థర్మల్ పొగగొట్టాలు, ఇంకో పక్క వాగు, వాగు దాటితే టేకు, ఇప్ప, మద్ది. అవి ఎనభైల మొదటి రోజులు. జువాలజీ లెక్చరర్ వెంకటరామారావు ఆదివారం ఆదివారం పక్షుల్ని చూసే నడక ఒకటి మొదలుపెట్టాడు. కొందరు స్టూడెంట్లు, లైబ్రరీలో పనిచేసే నేను, మెస్సు నుంచి సుబ్బరత్నం వెళ్లేవాళ్లం. రావుగారికి మహా చాదస్తం. వాగు దాటాక మాట వినపడకూడదు. ఒకరి వెనక ఒకరు నడవాలి. వెనక్కి తిరగకూడదు. ఎండిన టేకాకులు నేలంతా పరుచుకుని ఉంటాయి కదా, ఒక్కరు మసిలినా కరకరమంటాయి, కొమ్మమీది పిట్ట తుర్రుమంటుంది. మరి ఎవరైనా తప్పిపోతే? అందుకని వరసలో ఆఖరున ఒకరిని పెట్టేవాడు. ముందువాళ్లందరినీ కనిపెట్టుకుని రావడం ఆ ఆఖరి మనిషి పని.

మొదటిరోజే సుబ్బరత్నం ఆయనతో తగువేసుకుంది.

“ఏంది సారూ, పిట్టను చూడాలంటే నోరెందుకు కట్టెయ్యాలి? మా వేంసూర్లో మేం మాట్లాడతా ఉంటే మా నెత్తిమీదే తిరిగేయి.”

“మీ ఊరి పిట్టలు మీకు అలవాటుపడి ఉంటాయమ్మా. వీటికి ఇంకా ఆ భాగ్యం లేదు,” అన్నాడు రావుగారు.

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వి నోరు మూసుకుంది. మళ్లీ వాగు దాటి ఇవతలి గట్టు ఎక్కాకే తెరిచింది. అప్పుడు చూడాలి! ఏ పిట్ట ఎటు తిరిగింది, ఏది మొగుడు, ఏది పెళ్లాం, ఏది ఎవరిమీద అలిగింది, మెస్సు దాకా ఒకటే వాగుడు. రావుగారు చెప్పిన పేర్లు ఆమెకు ఒక్కటీ గుర్తుండేవి కావు. అన్నిటికీ తనే పేర్లు పెట్టుకునేది.

వేంసూరు రైతు ఇంటి పిల్ల. చిన్నవయసులోనే బసవపున్నయ్యను చేసుకుని పాల్వంచ వచ్చింది. ఆయనకి థర్మల్లో షిఫ్టు డ్యూటీ. సగం రోజులు పగలే నిద్ర. ఇంట్లో గిన్నె చప్పుడైతే ఆయన నిద్ర చెడుతుందని ఈవిడ పిల్లిలా తిరిగేది. కడుపు రెండుసార్లు నిలిచి రెండుసార్లూ పోయింది. ఆ సంగతి ఒక్కటే ఆమె మాటల్లో ఎప్పుడూ వచ్చేది కాదు. మెస్సులో ఉద్యోగం దొరికాక, ఇంట్లో మూసుకున్నదంతా అక్కడ కక్కేసేది.

“వారమంతా హాస్టల్‌కి వండుతా, ఇంటికి పోయి ఆయనకు వండుతా. ఆదివారం ఆ కాసేపే నిర్మలా, నన్ను ఎవరూ ఏమీ అడగరు,” అంది ఒకసారి నాతో. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది.

ఆ కాసేపటికే ఎసరొచ్చింది. ఒక వానాకాలం పోయాక ఆమెకు ఆయాసం మొదలైంది. బసవపున్నయ్య ఖమ్మం తీసుకెళ్లి చూపించాడు. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్లజ్వరం గుండెని పట్టిందని, కవాటం ఒకటి మూసుకుపోతోందని, హైదరాబాదులో ఆపరేషన్ చేయించాలని, అందాకా ఎత్తులెక్కొద్దు, ఎక్కువ నడవొద్దని డాక్టరు చెప్పాడు. హైదరాబాదు పెద్ద దవాఖానాలో వంతు రావడానికి నెలలు పడుతుందన్నారు. ఆ వచ్చే ఆదివారం చూస్తే, మహాతల్లి, వాగు దగ్గర మా అందరికంటే ముందే నిలబడి ఉంది!

బసవపున్నయ్య ఉండబట్టలేక డ్యూటీ బట్టలతోనే రావుగారి ఇంటికి వచ్చాడు. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను.

“నా మాట ఇనట్లేదు సారూ. మీరన్నా రావద్దని చెప్పండి. మీరంటే గురి.”

రావుగారు పిలిపించి చెప్పాడు. మాటల పోగు సుబ్బరత్నం ఆరోజు తగువుకి దిగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భర్త తల దించుకున్నాడు. చివరికి, “నేను ఇంట్లో కూర్చుంటే బతుకుతానని రాసిస్తారా?” అంది. రాసిచ్చేదెవరు?

అప్పుడు రావుగారికి ఉపాయం తట్టింది. ఇకనుంచి వరసలో ఆఖరున ఆమె నడవాలి. ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ కూర్చోవచ్చు. వెనక ఎవరూ ఉండరు కాబట్టి ఎవరూ చూడరు, ఎవరూ ఎందుకాగావని అడగరు. మేం తిరిగొచ్చేటప్పుడు లేచి మాతో కలవొచ్చు. ఆడపిల్లల ముందు రొప్పుతూ నిలబడటం ఆమెకు సిగ్గుగా ఉండేది. ఈ మాట వినగానే కళ్లు తుడుచుకుంది. బసవపున్నయ్య కూడా, “అట్లయితే సరే. మెల్లగ పోతది,” అన్నాడు. ఎంత పెద్దమనసు చేశామో అని అందరం మురిసిపోయాం. ఆఖరి మనిషి అందరినీ చూసుకుంటుంది సరే, ఆఖరి మనిషిని చూసుకునేదెవరని ఒక్కరంటే ఒక్కరికి తట్టలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్లం! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

చలికాలం అలాగే గడిచింది. కొన్నిసార్లు దారిలో కూర్చుండిపోయేది, మేం వచ్చేటప్పటికి నవ్వుతూ లేచేది. కొన్నిసార్లు చివరిదాకా వచ్చేసి, “చూశారా, నాకేం కాలేదు,” అని గొప్పలు పోయేది. హైదరాబాదు నుంచి ఇంకా కబురు రాలేదు.

ఇప్పపూలు రాలే రోజులు. అడవంతా తీపి వాసన. కోయగూడెం ఆడవాళ్లు తెల్లారకముందే వచ్చి బుట్టలతో పూలు ఏరుకుంటున్నారు. వాళ్లలో గంగక్క మా అందరికీ తెలుసు, హాస్టల్‌కి చింతపండు, విస్తరాకులు తెచ్చి పోసేది. ఆమెను చూసి సుబ్బరత్నం చేత్తోనే పలకరించింది. నేను చూసిన ఆమె ఆఖరి నవ్వు అదే.

మద్దిచెట్ల కిందికి వెళ్లేసరికి రావుగారు ఠక్కున ఆగిపోయాడు. మేమూ ఆగిపోయాం. కొమ్మమీద తోకపిగిలి పిట్ట. మగది. ఒళ్లంతా పాలతెలుపు, తల నలుపు, తోక రిబ్బన్లలా జీరాడుతోంది. ఇన్నేళ్లలో ఆ తెల్లటి మగపిట్ట మాకెవరికీ అక్కడ కనబడలేదు. ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

వెనక దూరంగా ఎవరో పిలిచారు. రావుగారు దుర్భిణి కళ్లమీంచి తీయకుండానే, వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి, “ష్!” అన్నాడు. ఎవరో స్టూడెంటు కూడా “ష్” అన్నాడు. మళ్లీ పిలుపు వినిపించింది, ఈసారి దగ్గరగా.

“అమ్మ పడిపోయింది సారూ! జల్దీ రాండ్రి! వంట అమ్మ!”

గంగక్క బుట్ట పారేసి పరుగెత్తుకొస్తోంది. పిట్ట లేచిపోయింది. అప్పుడు తిరిగి చూశాం. సుబ్బరత్నం వరసలో లేదు.

మేం దాటి వచ్చిన మలుపులోనే ఉంది. మద్దిమానుకి జారగిలబడి, కాళ్లు చాపుకుని. కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుని ఉంది. ఆయాసంతో దగ్గు తెర వచ్చినట్టుంది. మలుపులోంచి మేం ఆగడం చూసి, ఆ దగ్గుకి పిట్ట లేచిపోతుందని, మేం చూడకుండా పోతామని, కొంగు కుక్కుకుంది. అయ్యో, పిచ్చి తల్లీ! పిట్ట పోతే పోయింది, దగ్గకూడదూ? ఆ కొంగు నా చేతులతో నేనే లాగాను. పళ్లమధ్య బిగుసుకుపోయి ఉంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. గంగక్క గూడెం నుంచి మంచం తెప్పించింది, వాగు దాకా మోశాం, అక్కడినుంచి యూనివర్సిటీ జీపులో పాల్వంచ దవాఖానాకి తీసుకెళ్లాం. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు.

బసవపున్నయ్య నైట్ డ్యూటీ దిగి ఇంట్లో నిద్రపోతున్నాడు. లేపి చెప్పాం. దవాఖానా వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని, మమ్మల్ని ఒక్కొక్కరినీ అదే అడిగాడు.

“అంత మాటల మనిషి కదమ్మా. ఒక్క కేక ఎయ్యలేదా?”

రావుగారిని అడిగాడు. నన్ను అడిగాడు. అన్నీ చెప్పిన గంగక్కనే మళ్లీ అడిగాడు. రావుగారు అంతమందిలో వలవల ఏడ్చాడు. ఆయన్ని నాలుగు మాటలనాలని నోటిదాకా వచ్చింది, ఆ ఏడుపు చూసి మింగేశాను.

నడక ఆగిపోయింది. వానలు వెళ్లాక స్టూడెంట్లే బలవంతం చేసి మళ్లీ మొదలుపెట్టించారు. రావుగారు పద్ధతి మార్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఏం లాభం! కాసేపు నడిచాక ఆగి, వరసలో ఉన్నవాళ్లని ముందునుంచి వెనకదాకా పేరు పేరునా గట్టిగా పిలవాలి, ఒక్కొక్కరూ పలకాలి. ఆ కేకలకి అడవిలో పిట్ట మిగులుతుందా? మిగలకపోయినా ఫర్వాలేదన్నాడు.

ఆ మొదటి ఆదివారం వాగు దగ్గరికి బసవపున్నయ్య వచ్చాడు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేం పలకరించేలోపే వెళ్లి వరసలో ఆఖరున నిలబడ్డాడు. ముందుకి రమ్మని ఎవరం అనలేకపోయాం.

వాగు దాటి కొంతదూరం వెళ్లాక రావుగారు ఆగి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. స్టూడెంట్లు పలికారు. నేను పలికాను. ఆ వెనక, ఆఖరి మనిషి అనగానే నోటికి అలవాటైన పేరే వచ్చేసింది ఆయనకి.

“సుబ్బరత్నమ్మా!”

ఆయన నోరు చేత్తో మూసుకున్నాడు. వెనకనుంచి బసవపున్నయ్య, “ఆఁ... ఉన్నా సారూ,” అన్నాడు.