కదలని సైకిలు మీద మూడు నెలలు

"అమ్మా, చేతులు ఎక్కడా ఆనించకుండ ఈ కుర్చీలకెల్లి ఐదుసార్లు లేచి కూసోన్రి" అన్నాడు డాక్టరు.

ఒక్కసారి కూడా లేవలేకపోయాను. సగం దాకా లేచి, గోడ గడియారంలో టైము చూస్తున్నట్టు మెడ తిప్పి, మళ్ళీ కూలబడ్డాను. డాక్టరు కూడా గడియారం వంక చూశాడు. అబద్ధం దొరికిపోయింది.

"కుడి మోకాలు బాగ అరిగింది. మూడు నెలలు టైమిస్తాన. ఉరుకుడు, ఎగురుడు వద్దు. మోకాలు మీద బరువు పడకుండ ఇంట్ల సైకిల్ పెట్టుకొని తొక్కున్రి. రాసిచ్చిన కసరత్తులు చెయ్యున్రి. తొడలల్ల బలం వచ్చి ఐదుసార్లు లేస్తే ఆపరేషన్ ఇప్పట్ల అవసరం లేదు. లేకపోతే మోకాలు మార్చుడే."

బల్బు మార్చినంత తేలిగ్గా అన్నాడు. మా ఆయన కడుపులో నొప్పి అని తన కాళ్ళ మీద తానే నడిచి దవాఖానకు పోయాడు. చిన్న ఆపరేషన్ అన్నారు. ఎవరి తప్పూ లేదు, లోపల అంత ముదిరిందని ఎవరికీ తెలియదు. ఆయన చెప్పులు మాత్రం నేనే సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అప్పటి నుంచి ఆపరేషన్ అన్న మాట వింటే చేతికి ఆ సంచి బరువు తెలుస్తుంది. మూడు నెలల్లో ఐదుసార్లు లేవాలి, లేవకపోతే నేనూ ఆపరేషన్ బల్ల ఎక్కాలి. ఆటోలో ఇంటికి వస్తుంటే కొడుకు ఏదో చెబుతూనే ఉన్నాడు. నాకు ఈ రెండు మాటలు తప్ప ఇంకేమీ చెవికెక్కలేదు.

మాది వరంగల్ బజారులో కిరాణా దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు, మధ్యలో నిటారుగా మెట్లు. నాలుగో తరగతితో నా చదువు ఆగింది. పెళ్ళైన నాటి నుంచి ఆ దుకాణంలో తక్కెడ పట్టి పప్పులు జోకడమే నా పని.

కొత్త సైకిలు కొంటానన్నాడు కొడుకు. వద్దన్నాను. వెనక గల్లీలో ఒకరింట్లో అలాంటిదే ఉంది. దాని మీద ఎప్పుడు చూసినా లుంగీలు, తువ్వాళ్ళు ఆరుతుంటాయే కానీ మనిషి ఎక్కగా నేను చూడలేదు. పాత సామాన్ల వాడికి వేస్తామంటున్నారని తెలిసి అడిగి తెప్పించాను. ఊరికే తీసుకోవడం నాకు పడదు, అందుకని కందిపప్పు పంపించాను.

ముందు ఒక ఇనుప చక్రం. చక్రం చుట్టూ మంచం నవారులాంటి పట్టీ. ఆ పట్టీని బిగించడానికి ఒక మర, దాని మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. అంకె పెరిగిన కొద్దీ తొక్కడం బరువవుతుంది. చిన్న అద్దంలో నిమిషాలూ కిలోమీటర్లూ కనిపిస్తాయి. వచ్చిన రోజే పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పెడలు కింద నిమ్మకాయ తొక్కించాను.

"బాపమ్మా, ఇది రోడ్డు మీదికే పోదు గదా, దీనికి నిమ్మకాయెందుకే?" అంది మనవరాలు. ఇంటర్ చదువుతోంది, దానికి నోరెక్కువ.

"రోడ్డు మీద పోయేదే మనుషులను పడేత్తదా? ఇది పడెయ్యనని నీకు కాయితం రాసిచ్చిందా?" అన్నాను.

మొదటి వారం రెండో అంకె మీద పెట్టి తొక్కాను. మూడు నిమిషాలకే రొప్పు వచ్చింది. తొడలు మిరపకాయ పూసినట్టు మండాయి. దానికి తోడు ఆ పట్టీ కీచు కీచుమని అరుస్తుంది. ఒకరోజు కోడలు కింది నుంచి పైకి వచ్చి, "అత్తమ్మా, ఎలుకలేమన్న బోనుల పడ్డయా అని గిరాకీలు అడుగుతాన్రు" అంది. మూతి బిగించుకుందే కానీ కళ్ళు నవ్వుతున్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంకా కసరత్తులు ఉన్నాయి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టడం. మనవరాలు ఫోనులో అవి పెట్టి, ఎట్లా చేయాలో చూపించింది. నేను అందరినీ బయటికి పంపి తలుపు గడియ పెట్టుకున్నాను. ఇంత వయసు వచ్చాక కుర్చీతో కుస్తీ పడుతుంటే కోడలు చూడాలా? కుర్చీ చేతులు పట్టుకుని లేస్తే లేచాను. వదిలేస్తే లేవలేదు. నాలుగు రోజులు చేసి, ఆ కుర్చీని గోడకు జరిపేశాను.

మా ఇంట్లో ఇనుము అరిచిందంటే నూనె అడుగుతుందని అర్థం. షట్టరుకు, కుట్టు మిషనుకు, దర్వాజా బందులకు శనివారం శనివారం నూనె పడాల్సిందే. అరిచేదాన్ని అరవనిస్తే అరిగిపోతుందని మా అత్త నేర్పింది. అరవై ఏళ్ళ కిందటి మిషను మా ఇంట్లో ఈనాటికీ నడుస్తోందంటే ఆ నూనె వల్లే. అందుకని ఆ శనివారం మిషన్ నూనె సీసా తెచ్చి, పట్టీ చుట్టూ చుక్క చుక్క పోసి, అది బాగా పీల్చుకునే దాకా చక్రం తిప్పాను. ఆ పట్టీ అక్కడ ఎందుకుందో నేను అడగలేదు, నాకెవరూ చెప్పలేదు.

తెల్లారి అరుపు లేదు. తొక్కుతుంటే కాళ్ళు వాటంతటవే తిరిగాయి. మూడో అంకెకు పెంచాను, ఏమీ కాలేదు. ఐదు పెట్టాను. నెల తిరిగేసరికి ఎనిమిది మీద అరగంట తొక్కుతున్నాను, రొప్పు కూడా లేదు. మనవరాలు అద్దంలో కిలోమీటర్లు కూడి, "బాపమ్మా, ఇయ్యాల నెక్కొండ ఊరు దాటినవ్ పో" అంది. ఇంకో వారానికి తొర్రూరు చేరానంది. పైకి కసురుకున్నా లోపల నాకు పట్టలేని గర్వం.

గర్వం ఉన్నదాన్ని గోడకు జరిపిన కుర్చీ మళ్ళీ లాగి ఒక్కసారి చూసుకోవచ్చు కదా? చూసుకోలేదు. చూసుకుంటే తెలిసిపోతుందని భయం. మెట్లు నాకు ముందే చెబుతున్నాయి. ఎనిమిదో మెట్టు దగ్గర ఇదివరకు ఎట్లా ఆగేదాన్నో ఇప్పుడూ అట్లాగే ఆగుతున్నాను. మెట్లు మరీ ఎత్తుగా కట్టారని అనుకున్నాను. చీర కుచ్చిళ్ళు అడ్డం పడుతున్నాయనుకున్నాను. క్యాలెండరు వంక చూడడం మానేశాను, అయినా రోజులు నాలోనే లెక్క పడుతున్నాయి. దుకాణంలో గిరాకీల ముఖాలు చూడకుండా మోకాళ్ళు చూడడం అలవాటైంది. ఎవరు కుంటుతున్నారు, ఎవరు గల్లా బల్ల పట్టుకుని నిలబడుతున్నారు, ఇదే చూపు. ఒకామె చక్కెర అడిగితే ఉప్పు జోకాను. నా జన్మలో అట్లా జరగలేదు.

గడువు ఇంకా పద్దెనిమిది రోజులు ఉందనగా ఒక మధ్యాహ్నం, ఎండు మిర్చి తొడిమలు తీద్దామని దుకాణం వెనక గదిలో చిన్న పీట వేసుకుని కూర్చున్నాను. పని అయిపోయింది. లేవబోతే లేవలేదు. చేతితో బస్తా పట్టుకున్నాను, బస్తా నా మీదికే ఒరిగింది. పిలుద్దామంటే నోరు రాలేదు. మిర్చి ఘాటుకు దగ్గుతూ అట్లాగే ఎంతసేపు ఉన్నానో, కోడలు వచ్చి చంకల కింద చేతులు వేసి లేపింది.

"అత్తమ్మా, రోజూ అరగంట తొక్కుతాన్రు గదా. ఎనిమిది మీద తొక్కుతాన్రు గదా. మరి లేవరాత్తలేదేంది?" అంది. ఈసారి కళ్ళలో నవ్వు లేదు. దాని భయం చూసేసరికి నా భయం రెండింతలైంది.

కోడలు నన్ను పైకి తీసుకొచ్చి, మనవరాలిని పిలిచి సైకిలు ఎక్కించింది. అది ఎక్కి రెండు తొక్కులు తొక్కిందో లేదో, కాళ్ళు గిర్రున తిరిగి పెడలు మీది నుంచి జారాయి. "అయ్యో! ఎనిమిది మీదుంది గని గాలిల తొక్కినట్టే ఉన్నది బాపమ్మా!" అని పకపకా నవ్వింది. నా ముఖం చూసి ఆగింది.

కింది నుంచి కొడుకు వచ్చి పట్టీని వేలితో ముట్టుకున్నాడు. వేలు మెరిసింది. వాసన చూశాడు.

"అమ్మా, దీనికి నూనె పోసినవా?"

"అరుత్తుంటే పొయ్యనా మరి?"

"ఎవలన్న బ్రేకుకు నూనె పోస్తరానే? ఆ పట్టీ చక్రాన్ని పట్టుకుంటేనే నీ కాళ్ళకు పని. నువ్వు ఇన్ని రోజులు ఉత్తగ కాళ్ళు ఊపినవ్."

"అది బ్రేకని నాకెవలు చెప్పిన్రు?" అని అరిచాను. నెక్కొండ లేదు, తొర్రూరు లేదు. ఎక్కడ బయలుదేరానో అక్కడే ఉన్నాను, రోజులు మాత్రం పోయాయి.

మర్నాడు కొడుకు సైకిళ్ళ దుకాణాలు తిరిగి పట్టీ తెస్తానన్నాడు. అది దొరికేదెప్పుడు, వచ్చేదెప్పుడు! నాకున్నవి పద్దెనిమిది రోజులు. అటక మీద పాత మంచం నవారు ఉంటే దింపించి, కొలిచి, రెండు పొరలు చేసి నేనే మిషను మీద కుట్టాను. చక్రాన్ని సబ్బుతో, ముగ్గుపిండితో అంట్లు తోమినట్టు తోమి ఆరబెట్టాను. కొత్త పట్టీ బిగించి ఒకటో అంకె మీద పెట్టి ఎక్కితే, కీచుమని మొదలుపెట్టింది. నాలుగు నిమిషాలకు చెమట చెవుల వెంట కారింది. ఎనిమిది మీద అరగంట తొక్కినదాన్ని ఒకటి మీద నాలుగు నిమిషాలు. కింద గిరాకీలు వింటే విననీ అనుకున్నాను.

కుర్చీ సంగతి మిగిలింది. దానికి మనిషి కావాలి. ముందు నిలబడి చెప్పాలి, పడబోతే పట్టుకోవాలి. మనవరాలికి కాలేజీ, కొడుక్కి దుకాణం. ఉన్నది కోడలే. ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి దానికి నేను చెప్పడమే కానీ నాకు అది చెప్పింది లేదు. పప్పులో ఉప్పు దగ్గర నుంచి చీపురు ఎక్కడ పెట్టాలో దాకా అంతా నా మాటే. మూడు రోజులు అడగలేక ఒక్కదాన్నే చేసుకున్నాను. నాలుగో రోజు తలుపు గడియ తీసి, "జర ఇటు రా" అన్నాను.

అది కుర్చీ వీపు గోడకు ఆనించింది. మెత్తటి దిండు వేసి ఎత్తు పెంచింది. నాకు తోచని ఉపాయం అది. "పాదాలు ఎనుకకు జరపున్రి అత్తమ్మా. ముందుకు వంగున్రి. ముక్కు మోకాళ్ళు దాటాలె. ఇగ లేవున్రి." లేచాను. వణుకుతూ, పళ్ళు బిగించి, చేతులు ఆనించకుండా. వారం తరువాత దిండు తీసేసింది. నేను కసురుకుంటే వంటింట్లోకి పోయి, పొయ్యి మీది చారు చూసుకుని, అయిదు నిమిషాలకు మళ్ళీ వచ్చి నిలబడేది. ఒకరోజు రెండుసార్లు లేచాను. ఇంకోరోజు ఒక్కసారి కూడా రాలేదు. ఆ రోజు అన్నం సయించలేదు.

గడువు రోజు డాక్టరు అదే కుర్చీ చూపించాడు. కోడలు తలుపు దగ్గర నిలబడింది. ఒకటి లేచాను. రెండు. మూడోసారికి మోకాలిలో ఏదో టక్కుమంది, అయినా లేచాను. నాలుగోసారి ముందుకు వంగాను కానీ పిరుదు కుర్చీని వదల్లేదు. నా చెయ్యి దానంతట అదే పోయి మోకాలు పట్టుకుంది. డాక్టరు ఐదోది అడగనే లేదు.

"మూడు నెలలు ఏం చేసిన్రమ్మా?" అన్నాడు.

రోజూ చేశానని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ ఈయన చేతిలోనే నా మోకాలు ఉంది. "రెండున్నర నెలలు ఉత్తగ తొక్కిన సారు. బ్రేకుకు నూనె పోసిన. పద్దెనిమిది రోజుల సంది నిజంగ చేత్తాన" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మోకాలు నొక్కి చూశాడు, తొడ కండ పట్టి చూశాడు, కాయితం మీద ఏదో రాశాడు. ఆ కలం ఆగేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

"ఒక నెల చూద్దాం. ఒక్క నెలే. ఐదు రావాలె."

అంటే వద్దనలేదు, కావాలనీ అనలేదు. బయటికి వచ్చి ఆటో ఎక్కాం. బజారు దగ్గర పడుతుండగా కోడలు మెల్లగా అంది, "నాలుగోసారి మీరు ఊపిరి బిగబట్టిన్రు అత్తమ్మా. ఇంట్ల కూడ గట్లనే చేత్తరు. అందుకే లేవలేదు."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

"మీరు చెప్పనిత్తరా?"

మెట్లెక్కి పైకి వచ్చాను, ఎనిమిదో మెట్టు దగ్గర ఆగాను, మళ్ళీ ఎక్కాను. కట్టుకుపోయిన చీర కూడా మార్చకుండా కుర్చీలో కూర్చుని, పాదాలు వెనక్కి జరుపుకుని, చేతులు గుండెల మీద కట్టుకున్నాను.

"ఊపిరి ఎప్పుడు విడువాల్నో నువ్వే చెప్పు" అన్నాను.