కిందినుంచి వచ్చిన ఎండ

రేకుల కప్పుకు వెండిరంగు వేయడంలో ఆ మేస్త్రిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఈ మాట ఊరు అన్నది కాదు, ఆయనే అనేవాడు. కాకపోతే ఎవరూ కాదనలేదు. గోదాములు, బస్సుల షెడ్లు, నీళ్ల ట్యాంకులు, ఎక్కడ రేకు తుప్పు పడుతుంటే అక్కడ ఆయన నిచ్చెన లేచేది. ఆ వెనకాలే డబ్బా పట్టుకుని ఆయన భార్య ఎక్కేది. ఆయన రేకు గీకి తుడిస్తే ఆమె రంగు కలిపేది, ఆయన ఒక వరస వేస్తే ఆమె పక్క వరస వేసేది. పెళ్లయిన కొత్తలో మొదలైన ఆ జోడుపని ఇద్దరి జుట్టూ నెరిసినా ఆగలేదు.

ఎండంటే మేస్త్రికి లెక్కలేదని కాదు. చేటంత అంచున్న టోపీ ఒకటి కొనుక్కున్నాడు. అది లేకుండా నిచ్చెన మొదటి మెట్టు కూడా తొక్కడు. "ఎండ పైనుంచి కదా వచ్చేది. పైన మూసేశాక ఇంకెటు నుంచి వస్తుంది?" అనేవాడు. అంత తేలిగ్గా తేలిపోయే సంగతికి ఎదురు చెప్పడం ఎవరి తరం? ఆమె మాత్రం తలకు గుడ్డ చుట్టుకుని, ఆ చివరనే ముక్కుమీదుగా మూతికి బిగించి కట్టుకునేది. ఎండకు భయపడి కాదు, రంగు వాసన పడక. "దొంగతనానికి వచ్చినదానిలా ఉన్నావు" అని ఆయన నవ్వేవాడు.

అలాంటి మనిషికి దవడ కింద, టోపీ నీడ హాయిగా పడేచోట, ఒక చుక్క కనిపించింది. కందిగింజంత ఉంటుంది, నున్నగా మెరుస్తుంది. వెండిరంగు పనివాడి ఒంటిమీద మెరిసే చుక్క కనిపిస్తే ఏమనుకుంటారు? రంగనుకుంటారు. చెవి వెనకో, గోళ్ల సందునో ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలే ఉంటుంది, సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో రుద్దితే పోతుంది. దీన్నీ రుద్దాడు. పోలేదు. గట్టిగా రుద్దాడు. నెత్తురొచ్చింది, చెక్కు కట్టింది, చెక్కు రాలింది, మళ్లీ మెరిసింది.

"ఈసారి రంగు గట్టిది. రేకుకే కాదు, నాక్కూడా పట్టేసింది" అని మురిసిపోయాడు కూడా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

ఆ ఏడు వానలు ఎడతెరిపి లేకుండా పట్టుకున్నాయి. తడిరేకు మీద రంగు నిలవదు కనుక పని మొత్తం ఆగిపోయింది. ఇంట్లో కూర్చుని ఇద్దరూ తోముకుని తోముకుని మామూలు మనుషుల్లా తేలారు. ఆమె చేతులమీద వెండి పోయింది, ఆయన చెవి వెనకా పోయింది. దవడ కింద చుక్క మాత్రం అక్కడే కూర్చుంది, పైగా కాస్త పెరిగింది.

"ఏమండీ, డబ్బా మూత తీసి ఎన్నాళ్లయింది?"

"వానలు మొదలైనప్పటినుంచీ తియ్యలేదుగా. ఏం?"

"మరి ఆ చుక్క ఎక్కడిది?"

ఆయన చుక్కను వేలితో తడుముకున్నాడు. జవాబు లేనప్పుడు ఆయనకు కోపం వస్తుంది, ఆరోజు కోపం కూడా రాలేదు. అది చూసి ఆమె మర్నాడే ఆయన్ని ఆస్పత్రికి బయల్దేరదీసింది.

ఆస్పత్రిలో చర్మం డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, కానీ చేతులు నిదానం. చిన్న దీపమున్న భూతద్దం దవడకు ఆనించి చాలాసేపు చూసింది. తరవాత ఏదీ దాచకుండా చెప్పింది. "ఇది చర్మానికి వచ్చే కాన్సర్‌లా ఉంది. మెల్లగా పెరిగే రకం. ఒళ్లంతా పాకడం చాలా అరుదు. కానీ వదిలేస్తే ఉన్నచోటే లోపలికి తవ్వుకుంటూ పోతుంది. ఎంత లోతు పోయిందో కోసి పరీక్షకు పంపితేగానీ చెప్పలేను."

"ఎందుకొచ్చిందండీ?" అని ఆమె అడిగింది.

"ఎక్కువగా ఏళ్లతరబడి తగిలిన ఎండవల్ల వస్తుంది."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇది అది కాదు డాక్టరమ్మా. నేను టోపీ లేకుండా పైకెక్కను. అక్కడికి ఎండ రాదు."

"మీరు రంగు వేసిన రేకు ఎలా ఉంటుంది?"

"అద్దంలా ఉంటుందండీ. కళ్లు చెదరాలి. చెదిరితేనే పని బాగున్నట్టు" అన్నాడు, ఆ పరిస్థితిలోనూ కాస్త గర్వంగా.

"ఆ అద్దం మీద పడి తిరిగొచ్చిన ఎండే మీకు కిందినుంచి తగిలింది" అంది డాక్టరమ్మ.

ఇన్నేళ్లుగా తాము చేతులారా పరిచిన వెలుగు మీద తామే వంగి కూర్చున్నారన్నమాట. ఆకాశంలో ఒకటే సూర్యుడనుకుంటే, కాళ్లకింద ఇంకొకటి తయారుచేసుకున్నారు. ఆమెకు భయంకన్నా ముందు అబ్బురమే కలిగింది.

డాక్టరమ్మ ఆయన చొక్కా చెయ్యి భుజందాకా మడిచి, మోచేతి పైన లోపలివైపు చర్మం చూపించింది. "ఇక్కడా చూడండమ్మా" అని భూతద్దం ఆమెకే ఇచ్చింది. ఆమె ముందు ఆయన మెడ మీద చూసింది. బెరడులా గీతలు, మరకలు, చిట్లిన సన్నటి నెత్తుటి పోగులు. తరవాత చెయ్యి లోపల చూసింది. అక్కడ చర్మం పసిబిడ్డకున్నట్టుంది, నున్నగా, ఒక్క మచ్చయినా లేకుండా.

"రెండింటి వయసూ ఒకటే" అంది డాక్టరమ్మ. "ఒకటి ఎండ చూసింది, ఒకటి చూడలేదు, అంతే తేడా."

మొగుడి ఒంట్లో ఇంత లేత మనిషి దాక్కుని ఉన్నాడని ఆమెకు ఎవరు చెప్పారు? ఆమెకు కళ్లు నిండాయి. ఈ మనిషి పోతే తనకేం మిగులుతుందన్న మాట అప్పుడే మొదటిసారి మనసులోకి వచ్చింది.

కోత గంటలో అయిపోయింది. పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసిన రోజులే గడవలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నామా అని ఆమె, కుట్లు గుంజుతున్నా గుంజట్లేదని ఆయన. అన్నం ముందు కూర్చుని ఇద్దరూ ఒకరినొకరు తినమనేవాళ్లు, ఎవరూ తినేవాళ్లు కాదు.

ఫలితం రోజున డాక్టరమ్మ కాగితం చదివి తల పైకెత్తింది. "కోతలో మొత్తం వచ్చేసింది. అంచుల్లో ఏమీ మిగల్లేదు." మేస్త్రి భార్య దణ్ణం పెట్టబోయింది. "కానీ ఇన్నేళ్ల ఎండ ఆ చర్మంలోనే ఉంది, ఇంకోచోట రావచ్చు. వచ్చి చూపించుకుంటూ ఉండాలి. మూతికి, మెడకు గుడ్డ, నిండుచేతుల చొక్కా, మిగిలినచోట క్రీము. ఎండ నడినెత్తికొస్తే కిందికి దిగిపోవాలి. మధ్యలో ఇంట్లో ఒకరినొకరు చూసుకోండి. మానని పుండు, మారుతున్న మచ్చ కనిపిస్తే వెంటనే రండి."

"ఒకరినొకరా?" అన్నాడు మేస్త్రి. "తనకు కూడానా?"

"ఆవిడా ఆ రేకుల మీదే ఉన్నారుగా."

"నాకేముందండీ, నేను బాగానే ఉన్నాను" అంటూ ఆమె లేవబోయింది.

"కూర్చో" అన్నాడు మేస్త్రి. అంత మెల్లగా ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు.

డాక్టరమ్మ దగ్గర భూతద్దం అడిగి తీసుకుని వంగాడు. నుదురు చూశాడు, కనురెప్పల చివరలు చూశాడు. చెవులు చూశాడు. జడ పక్కకు తీసి మెడ వెనక చూశాడు. మళ్లీ ముఖం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఎంతకీ అద్దం తియ్యడు.

"ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు" అన్నాడు.

"మరి ఇంకా ఏం చూస్తున్నారు?"

"నిన్నే" అన్నాడు మేస్త్రి. "ఇన్నేళ్లూ రేకు వంకే చూశానే."