మచ్చలు లేని మొహం

స్టూడియో తలుపు మీది ఉర్దూ బోర్డు దించి తెలుగు బోర్డు కట్టించిన కొత్తలో కరీంనగర్‌లో నాకు మంచి పేరుండేది. ఆ పేరంతా మూడు వస్తువుల మీద నడిచింది. ఎదుటినుంచి వెలుతురు పడేలా కట్టిన తెల్ల పరదా, కెమెరా అద్దం ముందు కట్టే పలుచటి మల్‌మల్ గుడ్డ, సూదిలా చెక్కిన పెన్సిల్. ఆ రోజుల్లో అమ్మవారు పోసి మొహాన గుంటలు పడ్డవాళ్లు ఇంటికొకరు కనిపించేవారు. వెలుతురు సూటిగా పడితే గుంటల్లో నీడ ఉండదు. మిగిలిన కాస్త నీడనూ మల్‌మల్ మింగేస్తుంది. అప్పటికీ ఏదైనా మిగిలితే నెగెటివ్ మీద పెన్సిల్‌తో పూడ్చేసేవాణ్ణి. పెళ్లి సంబంధాలకు ఫోటో అంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నా దగ్గరికే వచ్చేవారు. ఆ పేరు నా తలకెక్కిందనే చెప్పాలి.

మా అక్కను ఆదిలాబాద్‌లో ఇచ్చారు. బావ అక్కడ జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. మమ్మల్ని కన్న అవ్వ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అక్కే. నాకు అమ్మవారు పోసినప్పుడు పక్కనే కూర్చుని వేపమండలతో విసిరింది, నా నుంచి తనకూ అంటించుకుంది. నాకు రెండు మూడు మచ్చలతో పోయింది. ఆమెకు నుదుటి నుంచి గడ్డం దాకా గుంటలే.

ఒకసారి నన్ను చూడడానికి వచ్చి, స్టూడియోలో అద్దాల వెనక పెట్టిన ఫోటోలన్నీ నిలబడి చూసింది.

"గీళ్లంత ఒక్క తల్లి పిల్లల లెక్కున్నరేందిరా తమ్మీ" అంది.

నాకు చుర్రుమంది. పనితనం తెలియనివాళ్లు అంతే మాట్లాడతారని విసుక్కున్నాను. ఆమె నవ్వి కుర్చీలో కూర్చుంది.

"నాదొకటి దియ్యి. జర నా మొకం నా లెక్కనే ఉండనియ్యి. నా బిడ్డకు ఉంటది."

సరేనన్నాను. ఆ మాట చెవిన పడింది గాని చేతుల దాకా దిగలేదు. పరదా జరపలేదు, మల్‌మల్ విప్పలేదు. నెగెటివ్ ఆరగానే అలవాటుగా పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. అక్కకు చేసినంత శ్రద్ధగా ఎవరికీ చేయలేదు. అదంతా ప్రేమే అనుకున్నాను. ఫోటో చేతిలో పెడితే చాలాసేపు చూసింది. "మంచిగున్నది" అని కొంగులో చుట్టుకుంది. దాన్ని గోడకు పెట్టలేదని, పెట్టె అడుగున దాచిందని తరువాత తెలిసింది.

మరుసటి ఏడు వానాకాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. టెలిగ్రాం అందుకుని, బస్సులు మారి నేను చేరేసరికి చితి కూడా చల్లారింది. బావ నన్ను ఒక్కటే అడిగాడు, కర్మ చేసే పెద్దదినానికి ఆ ఫోటో పెద్దది చేసి తెమ్మని. చేసి తెచ్చాను. పీట మీద నిలబెట్టి దండ వేశారు. ఏడేళ్ల మేనకోడలిని పువ్వు పెట్టమంటే దగ్గరికి వచ్చి, చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గీమె మా అవ్వ గాదు."

పెద్దవాళ్లు ఎంత బుజ్జగించినా వినలేదు. పువ్వు నేల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. నాకు ఆ ఇంట్లో తలెత్తబుద్ధి కాలేదు.

కరీంనగర్ వచ్చీ రాగానే నెగెటివ్ బయటికి తీశాను. టర్పెంటైన్‌లో తడిపిన దూదితో తుడిస్తే పెన్సిల్ పోతుంది. దారంతా ఆ ధైర్యం మీదే కూర్చుని వచ్చాను. తుడిచి, ప్రింటు వేశాను. మళ్లీ అదే నున్నటి మొహం. పరదా, మల్‌మల్ తమ పని ముందే చేసిపెట్టాయి. పెన్సిల్ కింద మా అక్క లేదు. ఆ చీకటి గదిలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

చివరికి సన్న కుంచె, నల్లరంగు తీసుకున్నాను. మచ్చలు చెరపడం వచ్చినవాణ్ణి, పెట్టడం రాదా అనుకున్నాను. కుంచె ఎత్తాక ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ముక్కు పక్కన ఉన్నది కుడివైపా, ఎడమవైపా? గడ్డం మీద ఎన్ని? ఆ మొహం ఎదుట కూర్చుని అన్నం తిని పెరిగినవాణ్ణి. కెమెరా ముందు కూర్చోబెట్టిన రోజు కూడా, ఎలాగూ పోతాయిలే అని, వాటివైపు చూడనే లేదు.

ప్రింటూ కుంచే పట్టుకుని ఆదిలాబాద్ వెళ్లాను. మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, మీ అవ్వకు మచ్చలు ఎక్కడెక్కడ ఉండేవో చూపమన్నాను. పిల్ల ఆలోచించనైనా లేదు. ఫోటో మీద వేలు పెట్టింది.

"గీడొకటి. గీడ రెండు, పక్కపక్కకే. గిది లోతుగుంటుండె."

ఆమె వేలు తీసిన చోటల్లా నేను చుక్క పెడుతూ పోయాను. నుదుటి దగ్గరికి వచ్చాక పిల్ల వేలు ఆపి నా మొహంలోకి చూసింది.

"మామా, నువ్వు మా అవ్వను ఎన్నడు సూడలేదా?"

కుంచె పిల్ల చేతికిచ్చాను.