అనంతగిరి దారిలో చిన్న సైకిల్

హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్రినాకలో కిరాయి సైకిళ్ల షాపు నాది. ఈ సంగతి గురించి ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. అడగకుండానే అందరూ తీర్పు చెప్పేశారు. చాయ్ హోటల్లో చెప్పారు, బోనాల నాడు నా పక్కనే నడుస్తూ చెప్పారు, ఒకాయన నా షాపులో గాలి కొట్టించుకుంటూ నాకే చెప్పాడు. నేను నోరు తెరవబోతే మాత్రం "పాత లొల్లి ఇప్పుడెందుకన్నా, ఇడిచిపెట్టు" అన్నారు. నేను విడిచిపెట్టలేదు. అందుకే రాస్తున్నాను.

1974 ఎండాకాలం. మా వెనక గల్లీలో సత్యనారాయణ ఉండేవాడు. సర్కారు కంపెనీలో గుమాస్తా. భార్య లలితమ్మ బడి పంతులమ్మ, బడికి లేడీస్ సైకిల్ మీదే పోయేది. వాళ్ల బిడ్డ విజయకు పన్నెండేళ్లు. సెలవుల్లో ఒకరోజు ముగ్గురూ వచ్చి నా బెంచీ మీద కూర్చున్నారు.

"ఈసారి చుట్టాల ఇండ్లల్ల పండుకునుడు వద్దు యాదగిరన్నా. సైకిళ్ల మీద పల్లెలు చూసుకుంట తిరుగుతం. ఏ దిక్కు పోతే మంచిగుంటదో నువ్వే చెప్పు" అన్నాడు సత్యనారాయణ.

ఆ రోజుల్లో ఇలా అడిగినవాళ్లు నాకు ఇంకెవరూ లేరు. నాకూ ముచ్చటేసింది. శ్రీశైలం రోడ్డు ఎండాకాలంలో పనికిరాదు, నీడ తక్కువ, నీళ్లు తక్కువ. అనంతగిరి చల్లగా ఉంటుంది కానీ ఘాట్ రోడ్డు. ఇబ్రహీంపట్నం దారి చాలావరకు సాపుగా ఉంటుంది, మధ్యలో మోటబావులు, మామిడి తోటలు ఉన్నాయి, చివర్లో పెద్ద చెరువు. అదే మంచిదన్నాను.

"నీళ్లు దొరుకుతయా?" అని లలితమ్మ అడిగింది.

"దొరుకుతయక్కా. సార్‌కు చాయ్ గూడ దొరుకుతది."

"గదైతే ఖాయం చెయ్యి. చాయ్ లేకుంటే ఈయన సైకిల్ కదలదు."

అందరం నవ్వాం. ఇబ్రహీంపట్నం ఖాయమైంది. తల్లీబిడ్డలు ఎండకు టోపీలు కొనడానికి బజారుకు వెళ్లారు.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. పిల్లలకిచ్చే చిన్న సైకిళ్లకు నేను ఫ్రంట్ బ్రేక్ తీసేసేవాణ్ని. పిల్లలు భయపడితే చేతికి అందిందల్లా గట్టిగా నొక్కుతారు. ముందు చక్రం ఒక్కసారి ఆగితే మనిషి హ్యాండిల్ మీదుగా తలకిందులుగా పడతాడు. అట్లా పడి పళ్లు రాలగొట్టుకున్న పిల్లల్ని చూసే ఈ పద్ధతి పెట్టుకున్నాను. సాపు రోడ్డు మీద వెనక బ్రేక్ ఒక్కటే చాలు. గుట్ట దిగేటప్పుడు అది చాలదు. బరువంతా ముందుకు వాలుతుంది, వెనక బ్రేకు రబ్బర్లు రుద్దుకుంటూనే ఉంటాయి, సైకిల్ ఆగదు.

అందుకే విజయకు ఇవ్వబోయే చిన్న సైకిల్ సత్యనారాయణకు చూపించి చెప్పాను. "సత్తెన్నా, దీనికి ఎనక బ్రేకొక్కటే ఉంది. సాపు రోడ్డుకు ఏం ఫికర్ లేదు. గుట్ట దిక్కు మాత్రం తిప్పొద్దు."

"గుట్టకెందుకు పోతమన్నా? ఇబ్రహీంపట్నమే గదా" అన్నాడు. అప్పుడు షాపులో మేమిద్దరమే ఉన్నాం.

మర్నాడు పొద్దున్నే వాళ్లు బయల్దేరారు. సాయంత్రం సత్యనారాయణ బావ వెంకటస్వామి గాలి కొట్టించుకోవడానికి వచ్చాడు. ఆయన అదే కంపెనీలో సూపరింటెండెంటు. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు.

"ఇబ్రహీంపట్నంల ఏముందోయ్, ఎండ తప్ప? అనంతగిరి పొమ్మని రాత్రి నేనే చెప్పిన. సైకిళ్లు బస్సు మీద ఏసుకొని వికారాబాద్ పోయిన్రు. రేపు పొద్దుగాల గుట్టెక్కుతరు."

పంపు కింద పెట్టేశాను. "చిన్న సైకిల్ గూడ తీస్కపోయిన్రా?"

"మరి పిల్ల నడుస్తదా?"

"దానికి ముందట బ్రేకు లేదు సార్. దిగేటప్పుడు ఆగదు."

"కాళ్లతోని ఆపుకుంటది తియ్యి. మా చిన్నప్పుడు బ్రేకులెక్కడివి?"

"వాళ్లు దిగిన ఇంట్ల ఫోనుందా?"

"ఫోనా? తాసిల్దార్ బంగ్లా అనుకున్నవా?" అని నవ్వి, ఇంటి గుర్తులు చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు మొదటి రైలెక్కాను. సంచిలో ఒక ఫ్రంట్ బ్రేక్ సెట్టు, పానాలు పెట్టుకున్నాను. వికారాబాద్‌లో ఆ ఇంటికి వెళ్తే, పొద్దున్నే గుట్టకు పోయారని ఇంటామె చెప్పింది. రోడ్డు మీద కట్టెల లారీ ఆపాను.

"క్యా భాయ్, గంత తొందరేంది? గుట్ట మీది దేవుడు యాడికన్న ఉరుకుతుండా?" అన్నాడు డ్రైవరు.

"బ్రేకు సక్కగ లేని సైకిల్ మీద చిన్నపిల్ల ఘాటు దిగుతది భాయ్."

ఆయన మళ్లీ జోకు వేయలేదు. లారీని ఎంత తోలగలడో అంత తోలాడు.

ఘాట్ మొదట్లో లారీ దిగాను. అప్పుడే గుట్ట దిగొచ్చిన సత్యనారాయణ అక్కడ సైకిల్ ఆనుకుని చెమట తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వాడు. "అరె యాదగిరన్నా! నువ్వు గూడ సైర్ చెయ్యనీకి వచ్చినవా?"

"పిల్లేది?"

"ఎనక వస్తుంది, వాళ్లమ్మతోని."

పైకి పరుగెత్తాను. ఒక మలుపు తిరిగేసరికి లలితమ్మ కేక వినిపించింది. "ఆపే విజయా! ఆపే!" ఆ వెనకే సైకిల్ కనిపించింది. పిల్ల రెండు కాళ్లూ రోడ్డుకు రాస్తూ వస్తోంది. ఒక చెప్పు అప్పటికే లేదు. కళ్లు నా మీదే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టలేదు. ఒకవైపు లోయ. ఇంకోవైపు గుట్ట అంచున, రోడ్డు పనివాళ్లు పోసిన మొరం కుప్ప.

"బిడ్డా, మట్టి కుప్పకు కొట్టు! మట్టికి కొట్టు!"

ఆమె తిప్పలేదు. ఇంకోసారి అరిచాను. అప్పుడు తిప్పింది.

కుప్పలో దిగబడి సైకిల్ ఆగింది, పిల్ల ఎగిరి పడింది. మణికట్టు విరిగింది, గడ్డం పగిలింది. ప్రాణం దక్కింది. ఏడుస్తూ ఒక్కమాట అన్నది. "గుట్ట దిగొద్దని నాకెవ్వరు చెప్పలే కాకా."

అప్పటికి లలితమ్మ సైకిల్ పడేసి పరుగెత్తుకొచ్చింది. "గిసొంటి సైకిలెట్ల ఇచ్చినవ్? నీకు ఆడపిల్లలు లేరా?"

"మీ ఆయనను అడుగక్కా" అన్నాను.

ఆమె అడుగుతున్నట్టే అతని వైపు తిరిగి చూసింది. నా వెనకే పైకి వచ్చిన సత్యనారాయణ బిడ్డ చేతికి రుమాలు కడుతున్నాడు. తల ఎత్తలేదు. "ముందు దవాఖానకు పోదాం పా" అన్నాడు. అదే అతను అన్న మొదటి మాట, చివరి మాట కూడా. భయంలో ఉన్నాడు, రేపు చెబుతాడులే అని నేను ఊరుకున్నాను.

రేపు వచ్చింది, చెప్పలేదు. వెంకటస్వామి మాత్రం కంపెనీ గేటు నుంచి గుడి దాకా ఒకటే కథ చెప్పాడు. నేను బ్రేకులు ఊడబీకి అమ్ముకుంటానట. ఆ ఎండాకాలమంతా పిల్లలు నా షాపుకు రాలేదు. లలితమ్మ ఇప్పటికీ నా షాపు రాగానే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తుంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె విన్నది ఒకరి మాటే.

ఆ పిల్ల అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. అప్పటి నుంచి, సీటు మీద కూర్చునేది ఎవరైతే వాళ్లకే చెబుతున్నాను. పిల్లలైతే నేను చెప్పింది తిరిగి నాకు చెప్పించుకుని గానీ సైకిల్ వదలను. "మాకు చెప్తే సాలదా? పోరగానికెందుకు?" అని తండ్రులు మొహం చిట్లిస్తారు. చాలదు. నచ్చకపోతే ఇంకో షాపుకు వెళ్లమంటాను. వెళ్లినవాళ్లు ఉన్నారు.

సత్యనారాయణా, నువ్వు ఇది చదువుతావని నాకు తెలుసు. తప్పు నాది కాకపోయినా నా పద్ధతి నేను మార్చుకున్నాను. నువ్వేం మార్చుకున్నావు? నా షాపుకు రావద్దు, నన్ను పొగడొద్దు, మీ బావతో కొట్లాడొద్దు. ఇంట్లో లలితమ్మనూ విజయనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్క మాటకు జవాబు చెప్పు. గుట్టకు పోవద్దని యాదగిరి నీకు చెప్పిండా, చెప్పలేదా?