సమాధుల స్టాపులో మ్వానకొంబో

తంగా ఊళ్ళో మినీబస్సు కండక్టరు షెకూయె గొంతు గురించి చెబితే కోతలంటారు. అయినా చెబుతాను. అతను బజారు దగ్గర "దిగేవాళ్ళు" అని కేకేస్తే, రేవులో పడవ మీదున్నవాళ్ళు కూడా చెప్పులు వెతుక్కునేవారు. అలాంటివాడు నలభై రోజులుగా ఒక్క స్టాపు దగ్గర మాత్రం నోరు మెదపడం లేదు.

అది పాంగానీ రోడ్డు మీద సమాధుల స్టాపు. అతని పెళ్ళాం మ్వానకొంబో శవాన్ని ఆ బస్సులోనే అక్కడికి తీసుకెళ్ళారు. శవాన్ని మోసిన బండి మర్నాడు అక్కడ ఆగాలి, తలుపు తియ్యాలి, కండక్టరు పైకి "అనషూక" అనాలి. దిగుతోంది, అని. అనకపోతే పోయినవాళ్ళు బండిలోనే ఉండిపోతారని ఆ దారిలో తిరిగేవాళ్ళందరికీ తెలుసు. షెకూయె మర్చిపోలేదు. కావాలనే అనలేదు.

అప్పట్నుంచీ తలుపు వెనక సీట్లో ఎవరూ కూర్చోరు. మెడలు వంచుకుని నిలబడైనా పోతారు.

"దాన్ని దింపరా," అనేవాడు డ్రైవరు మ్బారుకు, వరసకి అన్న. "ఎత్తు ఎక్కేటప్పుడు బండి మూలుగుతోంది."

"నీ ముసలి ఇంజను మూలుగు నా పెళ్ళాం మీద పెట్టకు అన్నా."

ఆ మధ్యాహ్నం ఐనో ఎక్కింది. ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఫిన్లాండు నర్సు. మూడు వారాలుగా రోజూ ఈ బస్సులోనే, షెకూయె దగ్గరే స్వాహిలీ నేర్చుకుంటోంది.

"ఇవాళ 'దిగుతోంది' చెప్పండి గురువుగారూ."

"అనషూక. 'అ' అంటే ఆ మనిషి. 'న' అంటే ఇప్పుడు. 'షూక' అంటే దిగడం. మూడూ అంటించి పలకాలి. విడదీస్తే మేకలు నవ్వుతాయి."

"మరి మూట దిగితే?"

"ఉనషూక. మూటకి 'అ' పెడితే దాన్నీ టిక్కెట్ అడగాల్సొస్తుంది."

"చనిపోయినవాళ్ళకి?"

షెకూయె కిటికీలోంచి కిత్తనార తోటల్ని చూశాడు.

"వాళ్ళకీ 'అ'నే. మనిషి పోయినా అది పోదు."

ఐనో తలూపింది. తలుపు వెనక సీటు వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"మరి ఈవిడని ఎందుకు దింపరు? సమాధుల దగ్గరికి రాగానే రోజూ లేస్తుంది. ఎడమ మోకాలు పట్టుకుని, చాలా కష్టపడి. మీ మొహంలోకి చూస్తుంది. మీరేమీ అనరు. మళ్ళీ కూర్చుంటుంది."

మ్వానకొంబో ఎడమ మోకాలి నొప్పి సంగతి ఐనోకి ఎవరూ చెప్పలేదు.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు షెకూయె.

"నేను ఎక్కిన మొదటి రోజు నుంచీ."

"కోపంగా ఉందా?"

"లేదు. అలిసిపోయింది."

తనకి తోడుంటుందని షెకూయె ఆమెని బండిలో ఉంచుకున్నాడు. రోజూ నిలబెట్టి కూర్చోబెడుతున్నానని అనుకోలేదు. సమాధుల గోడ కనబడగానే బస్సు పైకప్పు మీద ఒక్కసారి చరిచాడు. మ్బారుకు ఆపాడు. తలుపు జరిగింది. ఎవరూ చెప్పకుండానే జనం మోకాళ్ళు దగ్గరికి లాక్కుని దారిచ్చారు.

రేవు దాకా వినబడే ఆ గొంతు ముందు సీటు దాకా కూడా పోలేదు.

"అనషూక."

ఎండలో ఆకు కదల్లేదు. మెట్టు మాత్రం ఒకసారి కుంగి లేచింది. షెకూయెకి ఇంకేమీ కనబడలేదు. ఐనో కళ్ళు మెల్లగా గోడ వైపు నడవడం మాత్రం చూశాడు.

"దిగిందా?"

"దిగింది."

"వెనక్కి చూసిందా?"

ఐనో ఇంకా గోడ వైపే చూస్తూ, లేదంది.

షెకూయె తలుపు మూశాడు. పైకప్పు మీద రెండుసార్లు చరిచాడు, పోనిమ్మని.