గవాక్షి మూసినాక మిగిలిన వెలుగు

మొన్న మా మనవరాలు తన చదువు గురించి చెబుతూ, ఫోను తెరల్లో వెలిగే పదార్థాలలో కరెంటు తాకి పైకి లేచిన అణువుల్లో నాలుగింట మూడొంతులు వెలుగివ్వకుండా చీకట్లోనే చిక్కుకుపోతాయనీ, ‘స్పిన్’ అనే ఎలక్ట్రాన్ల తిరుగుడే అందుకు కారణమనీ అంది. తనకది లెక్క. నాకు మాత్రం ఆదోనిలో మా పెద్దమ్మ ముఖం కనబడి, చేతిలోని కాఫీ చల్లారిపోయింది.

పందొమ్మిది వందల యాభైల్లో నేను ఎమ్మిగనూరు బడిలో సైన్సు పంతులమ్మను. పెద్దమ్మ ఒక్కగానొక్క కూతురు, నాకు చెల్లెలు, జ్వరంతో పోయింది. పోయినవాళ్ళకు దారి కనబడాలని, ఊపిరి విడిచిన చోట పదోరోజు దాకా దీపం ఆరకుండా చూసుకోవడం మా ఇళ్ళలో ఆచారం. ఒక మధ్యాహ్నం పెద్దమ్మకు కునుకు పట్టి, లేచేసరికి దీపం కొండెక్కింది. మళ్ళీ వెలిగించినా, దోషం లేదని పురోహితుడు చెప్పినా, తన బిడ్డ చీకట్లో చిక్కుకుందంటూ ఆమె పచ్చి గంగ కూడా ముట్టలేదు. ఈమె కూడా మాకు దక్కదేమోనని భయం పట్టుకుంది.

క్యారంబల్ల మీద చల్లే బోరిక్ పొడిని కరిగించి, చిటికెడు రంగు కలిపి చల్లార్చిన గాజుముద్ద ఒకటి బడిలో ఉండేది. అది తెచ్చి, దీపం లేని పక్కగదిలో, మిద్దెకప్పుకు వెలుతురు కోసం వదిలిన గవాక్షి నుంచి పడే ఎండలో పట్టుకున్నాను. పైనుంచి పెద్దనాన్న గవాక్షిని బండతో మూశాడు. గది చీకటైంది గానీ, నా చేతిలో పచ్చటి వెలుగు నిలిచి, మెల్లగా సన్నగిల్లింది. జంటలో ఒక ఎలక్ట్రాన్ వెలుతురు తాకి పైకి లేస్తుందని, మామూలుగా వెంటనే దిగివస్తుందని, తిరుగుడు మారితే మాత్రం జతగాడి పక్కన చోటు దొరక్క ఆగిపోతుందని, అది ఆలస్యంగా దిగిరావడమే ఈ వెలుగని పాఠంలా చెప్పుకుపోయాను.

“ఆగిపోయినాదంతే గదమ్మా? తిరుక్కోని వస్తాది గదా?” అంది పెద్దమ్మ.

వస్తుందన్నాను. ఆ పూట ఆమె గంజి తాగింది.

అది మొదలు రోజూ గవాక్షి తెరవడం, మూయడం. వెలుగు సన్నగిల్లే వేళకు ఆమె చెల్లెల్ని ముద్దుపేరుతో పిలిచేది. ఒకసారి నా భుజం పక్కన మరెవరో ఊపిరి తీసినట్టనిపించింది. సైన్సు చదివినదాన్నే, అయినా పక్కకు తిరిగి చూడలేదు. ఆ భయం నన్నింకా వదల్లేదు.

పదోరోజు పెద్దమ్మ గాజుముద్దను నా చేతిలో పెట్టింది. “తీస్కపో తల్లీ. అది వచ్చేది నాకు కనపడ్ల్యా. దినామూ పోయేదే కనపడతాండాది.”

నిరుడు మా వీధిలో ఒకరు పోతే తల దగ్గర కరెంటు దీపం పెట్టారు. గాలికి ఆరదు, నూనె అక్కర్లేదు, పక్కన ఎవరూ మేలుకొని కూర్చోనక్కర్లేదు. ఎవరూ కూర్చోలేదు.